ఏ కచేరీకైనా అతికే వాక్యం

ఒడిశాలోని మా బరంపురం తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మొన్న ఒక పేపరు కటింగు తిరిగింది. మా ఊళ్ళో జరిగిన గాత్ర కచేరీ గురించి సరిహద్దుకి అవతల అచ్చయిన వార్త. "తన మధుర గానంతో శ్రోతలను మంత్రముగ్ధులను చేశారు" అని మొదటి వాక్యం. ఆ తర్వాత జ్యోతి వెలిగించినవారు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, శాలువా, జ్ఞాపిక. ఆఖరి లైన్లో వయొలిన్, మృదంగం "సహకారం అందించిన" వాళ్ళ పేర్లు. అందులో ఒకటి తప్పు.

ఆ కచేరీలో నేనూ ఉన్నాను. కాంభోజి రాగం ఆలాపన సగంలో ఉండగా కరెంటు పోయింది. మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి, ప్లగ్గుకి తగిలించిన ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె కూడా ఆగింది. గాయకుడు ఒక్క క్షణం తడబడ్డారు. పక్కనున్న వయొలిన్ అమ్మాయి ఏ హడావిడీ పడకుండా విడితీగల మీద షడ్జ పంచమాలు పట్టి, కమాను సన్నగా లాగుతూ ఉండిపోయింది. ఆలాపనలో తన వంతు వదిలేసుకుని తంబుర పని చేసింది. ఆయన ఆ షడ్జంలో గొంతు కలిపి, అప్పటిదాకా ముట్టని మంద్రంలోకి మెల్లగా దిగారు. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళం లేచొచ్చి వేదిక ముందు జంపఖానా మీద చేరాం. జనరేటరు గది తాళంచెవి ఎవరి దగ్గరుందో తేలేదాకా మేం విన్నది అసలైన కాంభోజి. జనరేటరు మోగగానే మళ్ళీ మైకు, మళ్ళీ అరుపు.

వార్తలో ఇదేమీ లేదు. అలాగని, ఆ ఒక్క పేరు తప్పిస్తే, అందులో అబద్ధమూ లేదు. జ్యోతి వెలిగింది, శాలువా కప్పారు. మంత్రముగ్ధులం కూడా అయ్యాం, ఓ పావుగంట సేపు. అది ఎప్పుడు, ఎవరి వల్ల అన్నదొక్కటే రాయలేదు.

మెచ్చుకోళ్ళూ మొట్టికాయలూ

ఒంటెల పెళ్ళికి గాడిదలు పాటకచేరీ పెట్టాయట. "అహో రూపం" అని ఇవీ, "అహో ధ్వని" అని అవీ ఒకదాన్నొకటి మెచ్చుకున్నాయని పాత శ్లోకం. మన కచేరీ వార్తలన్నీ ఆ పెళ్ళివారి దగ్గర్నుంచి వచ్చినట్టే ఉంటాయి. సంగీత ఝరిలో ఓలలాడించారు, వీనుల విందు చేశారు, కరతాళ ధ్వనులతో ప్రాంగణం మారుమోగింది. ఈ మూడు వాక్యాల్లో పేరొక్కటి మార్చుకుంటే ఇచ్ఛాపురంలో హరికథకీ, రాయగడలో వేణువు కచేరీకీ, ఇంకెక్కడో నాట్యానికీ సరిపోతాయి.

వ్యావహారికం కోసం గిడుగు రామ్మూర్తి పంతులుగారు పోరాటం మొదలుపెట్టింది మా పక్కనున్న పర్లాకిమిడి నుంచే. వందేళ్ళు దాటినా ఆ చుట్టుపక్కల కచేరీ వార్త మాత్రం గ్రాంథికం వేషం విప్పలేదు. పంతులుగారు చదివితే ఏమనేవారో గానీ, బడిపిల్లల భాష మారినంతగా పాట గురించి రాసే భాష మారలేదు.

కటింగు కింద గ్రూపులో ఒకాయన "మనకీ ఒక సుబ్బుడు ఉండాలండీ" అని రాశారు. పది చప్పట్ల బొమ్మలు పడ్డాయి. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసుకుంటూ స్టేట్స్‌మన్ పత్రికలో సంగీత సమీక్షలు రాసి, పెద్ద పెద్ద విద్వాంసులకి నిద్ర లేకుండా చేసిన సుబ్బుడు. ఆయనకంటే ముందు, 1930ల్లో ఆనంద వికటన్ అనే తమిళ పత్రికలో 'కర్నాటకం' అన్న మారుపేరుతో రచయిత కల్కి నవ్విస్తూ చురకలు పెట్టేవారు. ఆ పేర్లు చెప్పగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది మొట్టికాయలే. గాయకుడికి జలుబు, శ్రోతలకి తలనొప్పి. ఆయన గొంతు విప్పారు, మేం చెప్పులు వెతుక్కున్నాం. ఇలాంటివి.

నాకు పేచీ ఇక్కడే. "గాయకుడికి జలుబు, శ్రోతలకి తలనొప్పి" అన్నది ఏ గాయకుడి గురించి? ఏ రాత్రి, ఏ రాగం పాడుతుంటే? పేరు మార్చి ఎవరికి తగిలించినా అతుక్కుంటుంది. అలాంటప్పుడు దానికీ "మంత్రముగ్ధులను చేశారు"కీ తేడా ఏముంది? ఒకటి శాలువా, ఇంకొకటి చెంపపెట్టు. కచేరీ వినకుండా రెండూ రాసెయ్యొచ్చు. మా గ్రూపులో నేను రాసే సమీక్షలకి నేను పెట్టే పరీక్ష ఒక్కటే: ఈ వాక్యం ఇంకో కచేరీకి అతుకుతుందా? అతికితే కొట్టేస్తాను. పొగడ్త అయినా అంతే, చమత్కారం అయినా అంతే.

సమీక్షలో హాస్యం వినడంలోంచి పుట్టాలి. ఒకసారి ఒక విద్వాంసుడు నెరవుకి, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడటానికి, ఎంచుకున్న పాదం పూర్తిగా శరణాగతి. దిక్కులేనివాణ్ణి, కాపాడమని అడగడం. ఆయన మాత్రం ప్రతి ఆవర్తానికీ గొంతు పెంచుతూ, చెయ్యి ముందుకి చాపుతూ, రాముడి దగ్గరికి బాకీ వసూలుకి వెళ్ళినట్టు పాడారు. అదే రాశాను. చదివినవాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, మాటల అర్థం ఒక దారి, గొంతు ఒక దారి పోయాయన్న సంగతి వాళ్ళకి తెలిసింది. "భావం లోపించింది" అని రాస్తే ఎవరూ నవ్వరు, ఎవరికీ ఏమీ తెలియదు కూడా.

ఎక్కువ తెలిసినవాళ్ళ ప్రమాదం

దీనికి ఎదురువాదం ఉంది. అదీ చిన్నది కాదు.

లండన్‌లో బెర్నార్డ్ షా నాటకాలతో పేరు తెచ్చుకోకముందు సంగీత సమీక్షకుడు. 1889లో స్టార్ పత్రికలో 'కోర్నో డి బాసెట్టో' అన్న మారుపేరుతో, ఆ తర్వాత వరల్డ్ పత్రికలో రాశాడు. ఇప్పటికీ అంత సరదాగా చదివించే సమీక్షలు తక్కువ. జర్మన్ స్వరకర్త బ్రాహ్మ్స్ అంటే ఆయనకి గిట్టేది కాదు. మృతుల కోసం బ్రాహ్మ్స్ కట్టిన రెక్వియమ్‌ని ఓపిగ్గా భరించగలిగేది శవం ఒక్కటే అన్నాడు. ఎంత నవ్వొస్తుందో! కానీ నా పరీక్ష పెట్టి చూస్తే ఇదీ తప్పుతుంది. సుదీర్ఘంగా సాగే ఏ శ్రాద్ధ సంగీతానికైనా ఇది అతుకుతుంది. అందులో బ్రాహ్మ్స్ లేడు.

బ్రాహ్మ్స్ గురించి తను ఎప్పుడో రాసిన ఇంకో ముక్కకి షా 1936లో కింద నోటు చేర్చాడు. అది తొందరపాటు, తెలివితక్కువతనం అని ఒప్పుకుని, మరీ ఎక్కువ తెలిసిన విమర్శకులకి ఇదొక హెచ్చరిక అంటూ క్షమాపణ చెప్పుకున్నాడు. తెలియనివాళ్ళకి కాదట, ఎక్కువ తెలిసినవాళ్ళకి! పాత సరుకంతా చెవిలో ఉన్నవాడు కొత్త పాటలో పాత సరుకునే గుర్తుపట్టి, కొత్తదనాన్ని వదిలేస్తాడని ఆయన లెక్క. మన సభల్లో ముందు వరస చూడండి. "ఫలానావారు పాడే సంగతిలా లేదే" అని పెదవి విరిచే పెద్దమనిషి సరిగ్గా అదే చేస్తుంటాడు.

కాబట్టి సమీక్షకుడి తీర్పు తప్పవచ్చు, తప్పుతుంది కూడా. అయితే విన్నది సరిగ్గా రాసి ఉంటే తీర్పు తప్పినా పాఠకుడికి నష్టం లేదు. "తోడి రాగం ఆలాపనలో గాంధార స్వరాన్ని వచ్చినప్పుడల్లా ఊపి వదిలేశారు, ఒక్కసారీ దాని మీద నిలబడలేదు, నాకు వెలితిగా ఉంది" అని రాశాననుకోండి. తోడి తెలిసినవాడు "నిలబడకపోవడమే కదయ్యా అందం" అని నాతో దెబ్బలాడగలడు. దెబ్బలాటకి అక్కడ చోటుంది. "తోడి రాణించలేదు" అన్నవాడితో ఎలా దెబ్బలాడతాం?

ఇంకో సంగతి నన్ను చాన్నాళ్ళుగా తొలుస్తోంది. కీర్తనలు చాలావరకు మన భాషలోవి, వాటి మీద చెణుకులతో కాలమ్‌లు రాసిన పేరు మాత్రం తమిళులది. కచేరీలన్నీ తెలుగు పాటలతోనే నిండిపోతున్నాయని తమిళ ఇసై ఉద్యమం తరఫున గొడవపడ్డవారిలో కల్కి ఒకరు. మాటలు తనవి కావని గొడవపడుతూనే ఆ కచేరీల గురించి పేజీలకి పేజీలు రాశాడు. మనకి శాస్త్రం తెలిసినవాళ్ళకి కొదవ లేదు. శ్రీకాకుళం జిల్లా ప్రియాగ్రహారంలో పుట్టిన శ్రీపాద పినాకపాణిగారిలా పాటని స్వరాలతో సహా కాగితం మీద పెట్టినవాళ్ళున్నారు. నిన్న రాత్రి కచేరీని ఈ పొద్దున కాఫీతో చదివించినవాళ్ళు తక్కువ. పాండిత్యం ఉన్నవాళ్ళకి అది చిల్లర పనిగా కనిపించి ఉంటుంది. నా ఉద్దేశంలో అది చిల్లర పని కాదు. చిల్లర పనే అయినా ఎవరో ఒకరు చెయ్యాలి.

"వచ్చేదే రెండు కచేరీలు"

మా ఊళ్ళో నేను ఎక్కువగా వినే అభ్యంతరం వేరు. సభకి చందాలు పోగుచేసే పట్టుచీరల కొట్టు పెద్దాయన ఒకసారి నన్ను కూర్చోబెట్టి, "ఏటి మాస్టారూ, మనూరికి ఏడాదికి ఒచ్చిందే రెండు కచేరీలు. ఆటికీ మీరు వంకలెట్టేస్తే రేపు ఎవులొస్తారు?" అన్నారు.

ఈ మాట కొట్టిపారేసేది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డప్పుడు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్ళింది. విజయనగరం సంగీత కళాశాలకి ద్వారం వెంకటస్వామినాయుడుగారు ప్రిన్సిపాలైందీ ఆ ఏడాదే. ఫైళ్ళు కటకం వైపు వెళ్ళాయి, మా పెద్దవాళ్ళ చెవులు మాత్రం విజయనగరం వైపే ఉండిపోయాయి. (షా క్షమాపణా 1936లోనే. ఆ ఏడాదికి ఏదో పట్టింది.) ఇప్పుడా చెవులు తగ్గిపోతున్నాయి. పిల్లలు భువనేశ్వర్‌లోనో బెంగుళూరులోనో ఉంటారు. విశాఖ నుంచి నాలుగైదు గంటలు రైల్లో వచ్చి, ఇచ్చింది పుచ్చుకుని, మళ్ళీ రాత్రి బండి ఎక్కి వెళ్ళిపోయే విద్వాంసుడి మీద కత్తి దూయడం వీరత్వమేమీ కాదు.

అయితే పెద్దాయన చెప్పని ముక్క ఒకటుంది. ఆ విద్వాంసుడికి అన్యాయం చేస్తున్నది సమీక్ష కాదు, సభ. ఆరు గంటలకని వేసిన కచేరీ ఉపన్యాసాలయ్యాక ఏడుంబావుకి మొదలవుతుంది. రాత్రి బండి మాత్రం ఉపన్యాసాల కోసం ఆగదు. అందుకని కోత ఎక్కడ పడుతుంది? తని ఆవర్తనం మీద, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం మీద. రాజమండ్రి నుంచి మృదంగం మోసుకొచ్చిన మనిషికి కార్యదర్శి వేదిక పక్కనుంచి వాచీ చూపిస్తాడు. ఆయన నడక మొదలుపెట్టి, వేగం మార్చబోయి, వాచీ చూసి, ఉన్నపళంగా ముక్తాయించి, పాట మళ్ళీ అందుకునే ఎత్తుగడకి వచ్చేస్తాడు. ముఖ్య అతిథి తన చిన్నతనం గురించి మాట్లాడిన సమయంలో నాలుగో వంతు కూడా ఆ మృదంగానికి దక్కలేదు. మర్నాటి వార్తలో ముఖ్య అతిథి మాటలు మూడు వాక్యాలు, మృదంగానికి "సహకారం".

చిన్న ఊళ్ళో చమత్కారానికి సరైన గురి ఇదే. పాడినవాళ్ళని వెక్కిరించడం తేలిక, ఎందుకంటే వాళ్ళు మర్నాడు ఊళ్ళో ఉండరు. కార్యదర్శి ఉంటాడు, ఆస్కా రోడ్డులో ఎదురుపడతాడు. మృదంగానికి దక్కిన నిమిషాలూ ఉపన్యాసాలకి దక్కిన నిమిషాలూ పక్కపక్కన వేసి రాసినప్పుడు నాకు ఫోనొచ్చింది. "మాస్టారూ, ఈసారి రాసేముందు ఒక్కసారి నాకు చూపించండి." తప్పకుండా చూపిస్తానన్నాను, ఆయన ఉపన్యాసం నాకు ముందుగా చూపిస్తే.

ఒడియా అక్షరాల నోటుబుక్కు

త్యాగరాజ ఆరాధనకి మా పిల్లలు పంచరత్నాలు గోష్ఠిగానం చేస్తారు. ఓసారి ముందు వరసలో కూర్చున్న అమ్మాయి ఒళ్ళో నోటుబుక్కు చూశాను. కీర్తన అంతా ఒడియా లిపిలో రాసుకుంది. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, చదవడం రాయడం రాదు. ఒడియా లిపిలో ఎ-ఏ, ఒ-ఓలకి వేరు వేరు అక్షరాలు లేవు. శ్రీరాగ పంచరత్నం 'ఎందరో మహానుభావులు' మొదటి అక్షరమే 'ఎ'. ఆ అమ్మాయి దాన్ని హాయిగా సాగదీసింది. పక్కవాళ్ళు పొట్టిగా పట్టుకున్నారు. గోష్ఠి అక్కడ కాస్త విచ్చుకుని మళ్ళీ కలిసింది.

సమీక్షకుడు ఏం రాయాలి? "సాహిత్యోచ్చారణలో లోపాలు దొర్లాయి" అనా? నిజమే, కానీ మద్రాసు నుంచి మస్కట్ దాకా ఏ గోష్ఠికైనా అతికే నిజం. నేను నోటుబుక్కు గురించి రాశాను. లిపి పేరు చెప్పి, ఏ అక్షరం దగ్గర ఏం జరిగిందో చెప్పి, పాట చెవిన పడి నేర్చుకున్న అక్కచెల్లెళ్ళకి ఆ ఇబ్బంది రాలేదనీ చెప్పాను. చదివిన ఒకావిడ, "సాకు చెబుతున్నారా, తప్పు చెబుతున్నారా?" అని అడిగింది. మంచి ప్రశ్న. కారణం చెబితే తప్పు పలచబడుతుందన్న భయం నాకూ ఉంది. కానీ క-గలకి ఒకటే అక్షరమున్న లిపిలో రాసుకుని తెలుగు కీర్తనలు పాడే తమిళ విద్వాంసుల్ని మనం ఎన్ని దశాబ్దాలుగా నెత్తిన పెట్టుకోలేదు? బరంపురం పిల్ల దగ్గరికి వచ్చేసరికే ఉచ్చారణ గుర్తొస్తే అది సమీక్ష కాదు, చులకన. ఆ తర్వాత టీచరుగారు పిల్లలకి కొత్త కీర్తన రాయించకుండా ముందు నోటితో చెప్పిస్తున్నారని విన్నాను. నేను రాసినందుకే అని మాత్రం అనుకోను.

లెక్క రానివాడి చెవి

శాస్త్రం రానివాడు సమీక్ష రాయొచ్చా అని అడుగుతారు. నాకు తని లెక్కలు పూర్తిగా అందవు. అందనప్పుడు మిశ్రం, ఖండం అని పదాలు చల్లను. ముందు వరసలో తాళం వేస్తున్నవాళ్ళ చేతులు చూస్తాను. ముక్తాయింపు ఎత్తుగడ మీద దిగినప్పుడు అవన్నీ ఒక్కసారి పడతాయి, తలలు ఊగుతాయి. చేతులు ఒకదాని తర్వాత ఒకటి పడి, జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారంటే ఏదో తేడా జరిగిందన్నమాట. చూసింది చూసినట్టు రాస్తే చాలు, లెక్క తెలిసినవాళ్ళకి అది సరిపోతుంది.

నాకు తెలిసిన మంచి సమీక్షల్లో ఒకటి కర్ణాటక సంగీతం నేర్చుకోని మనిషి నోట విన్నాను. మా పక్కింటి ఒడియా పెద్దాయన చంపూ అనే ఒడియా పాటలు వింటూ పెరిగినవాడు. మా కచేరీలకి మర్యాదకి వచ్చి ఆఖరిదాకా కూర్చుంటాడు. ఒకసారి వయొలిన్ కుర్రాడు మంచి చురుకైనవాడు, గాయకుడి గొంతు ఎటు తిరగబోతోందో పసిగట్టి ముందే అక్కడికి చేరిపోతున్నాడు. అందరం "ఏం చురుకు!" అనుకుంటున్నాం. ఇంటికి నడిచొస్తుంటే పెద్దాయన తన బరంపురం తెలుగులో అన్నాడు: "ఆయన ఇంకా తోవలో ఉన్నాడు, ఈ బాబు ఇంటికెళ్ళిపోయి తలుపు తీసి నిలబడ్డాడు." రాగం పేరు లేదు, స్వరం పేరు లేదు. ఆ కుర్రాడి బలమూ లోపమూ రెండూ వచ్చేశాయి. ఇంకో వయొలిన్‌కి ఆ మాట పెట్టి చూడండి, అతకదు. ఆయన అనుమతితోనే దాన్ని నా సమీక్షలో వాడుకున్నాను.

తండ్రులు

1950 డిసెంబర్‌లో వాషింగ్టన్‌లో మార్గరెట్ ట్రూమన్ పాడింది. వాషింగ్టన్ పోస్ట్‌లో పాల్ హ్యూమ్ ఆవిడ వేదిక మీద చూడ్డానికి బాగుంటుందని, పాడటం మాత్రం అంతగా రాదని, చాలాసేపు శ్రుతి కిందికి జారిందని, ఏళ్ళు గడిచినా మెరుగుపడలేదని రాశాడు. మర్నాడు ఆవిడ తండ్రి ఉత్తరం రాశాడు. నువ్వెప్పుడైనా ఎదురుపడితే నీకు కొత్త ముక్కు కావాల్సి వస్తుంది అని. తండ్రి అప్పుడు అమెరికా అధ్యక్షుడు, కొరియాలో యుద్ధం నడుస్తోంది. హ్యూమ్ సమీక్ష మళ్ళీ చదివి చూడండి, అందులో జోకు ఒక్కటీ లేదు. శ్రుతి ఎక్కడ ఉందో చెప్పాడు, అంతే. మొట్టికాయ అయితే తండ్రి నవ్వి ఊరుకునేవాడేమో.

మా ఊళ్ళో ట్రూమన్‌లకి తక్కువ లేదు. పిల్లల తొలి కచేరీ గురించి నేను రాయను. వాళ్ళ గురువు గురించీ, మైకు గురించీ రాస్తాను. టికెట్టు పెట్టి, పోస్టరు వేసి, ప్రధాన గాత్రం అని పేరు వేసుకున్నాక మాత్రం రాస్తాను. అలా రాసిన ఒక అమ్మాయి తండ్రి గిరి మార్కెట్‌లో కూరగాయల దగ్గర పట్టుకున్నారు. తారస్థాయి షడ్జం దగ్గర గొంతు ప్రతిసారీ కొంచెం కిందే ఆగుతోందని రాశాను నేను. కోపంగా లేరు, నొచ్చుకున్నారు.

"మీరు రాసింది అబద్ధం అనను మాస్టారూ. కానీ గ్రూపులో అందరి ముందూ ఎందుకు? నాతో విడిగా చెబితే సరిపోయేది కదా."

ఆ మాటలో న్యాయం ఉంది. మా గ్రూపులో ఆ అమ్మాయి మేనత్తలూ, రేపు సంబంధం చూసేవాళ్ళూ కూడా ఉన్నారు. నాలుగైదు వందల మంది చదివే చోటు అది, పేపరు కాదు. నేను కాసేపు వంకాయలు ఏరుతూ ఆలోచించి, "పోనీ అలాగే కానివ్వండి. ఈసారి బాగా పాడితే అది కూడా మీతో విడిగానే చెబుతాను" అన్నాను.

ఆయన సంచీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"బాగా పాడితే పేపర్లోనే వెయ్యండి."